ఒబ్దూలియో ఎవరు?

గ్వాటెమాలా నగరంలో పాత రైల్వే స్టేషన్ వెనక సందులో, భూకంపం తర్వాత వేసుకున్న రేకుల కప్పు కింద, తోమాసా మొరతాయా కుట్టుమిషను సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఉండేది. వెలుతురు కోసం అనేది ఆవిడ. నిజానికి సందులోకి ఎవరు తిరుగుతున్నారో ముందుగా చూసుకోవడం కోసం. సలమా అనే ఊరి నుంచి పద్నాలుగో ఏట ఇంటిపనికని వచ్చి, పాదిరీల అంగీలు కుట్టే దుకాణంలో పని నేర్చుకుని, రైళ్ళకు బ్రేకులు వేసే ఒకణ్ణి పెళ్ళి చేసుకుంది. వాడు ఒకసారి బండితో రేవు ఊరికి వెళ్ళి అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా జాలిగా అంటే ఆవిడకు ఒళ్ళు మండేది. "ఉన్నవాళ్ళు ఏం సుఖపడుతున్నారో చూస్తూనే ఉన్నాంగా" అనేది. ఆ రోజుల్లో ఆ మాటకు ఎదురు చెప్పగలిగిన తల్లి ఆ సందులో ఒక్కతీ లేదు.

ఈస్టరుకు ముందు నలభై రోజులూ ఆవిడకు ఊపిరి సలిపేది కాదు. గదిలో ఒక మూల ఊదారంగు గుడ్డ. పవిత్ర వారంలో క్రీస్తు పల్లకిని భుజాల మీద మోసే భక్తులకు అంగీలు. ఇంకో మూల ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుడ్డలు. అవి విద్యార్థుల ముసుగులకు. లా చదివేవాళ్ళకు ఎరుపు, వైద్యానికి పసుపు, వ్యవసాయానికి ఆకుపచ్చ. పవిత్ర వారానికి ముందు వచ్చే శుక్రవారం, శోకమాత పండుగనాడు, వాళ్ళూ ఒక ఊరేగింపు తీసేవారు. వాళ్ళ పల్లకి మీద ఊరేగేది దేశాన్ని ఏలుతున్న జనరల్ గారు, కాగితం బొజ్జతో, అట్టముక్క పతకాలతో. ఏడాది పొడుగునా పళ్ళు బిగించుకుని బతికే ఊరు ఆ ఒక్క రోజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. అలా నవ్వించినవాడి మొహం ఎవరైనా చూశారా, మర్నాటికి వాడి ఆచూకీ ఉండేది కాదు. అందుకే ముసుగు. బ్యాంకు గుమాస్తా ఊదా అంగీ కొలతకు వచ్చిన వేళకే ఆకుపచ్చ ముసుగు తొడిగి చూసుకునే కుర్రాడూ వస్తే, ఇద్దరూ చెరో గోడా చూస్తూ నిలబడేవారు. పండుగ ఒకటే, వారం ఒకటే, దర్జీ ఒకతే.

ముసుగు మీద గుండెల దగ్గర పేరు కుట్టాలి. పేరంటే అమ్మానాన్నలు పెట్టింది కాదు. విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి వారంలోనే పెద్ద విద్యార్థులు కొత్తవాళ్ళకు గుండు గీయించి, నెత్తిన రంగునీళ్ళు కుమ్మరించి, ఒక మారుపేరు తగిలించేవారు. ఆ రోజు నుంచి చదువు ముగిసేదాకా ఆ పేరే. ఎండుచేప, గుమ్మడి, ముల్లు, చంకకర్ర. మొదట్లో అది వేళాకోళానికి పుట్టిన ఆచారమే. జనరల్ వచ్చాక అదే ప్రాణరక్ష అయింది. నిన్ను పట్టుకుని కొట్టినా నీ నోట రావడానికి నీకు తెలిసిన పేరంటూ ఉండాలిగా! ఎండుచేప ఎవరని అడిగితే ఎండుచేపే అంటావు. అంతకు మించి నీకూ తెలియదు.

ఈ సంగతి తోమాసా కూడా బాగా ఒంటబట్టించుకుంది. కొన్నేళ్ళ క్రితం రెండు వీధుల అవతల ఒక దర్జీ ఉండేవాడు. మంచివాడు, పద్ధతైనవాడు. కుట్టిన ప్రతి ముసుగుకూ అసలు పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చి పెట్టేవాడు. సైనికులు వచ్చి ముసుగులు ముట్టుకోలేదు, చీటీలు మాత్రం తీసుకుని, దర్జీకి థాంక్స్ చెప్పి వెళ్ళారు. పదకొండు చీటీలు. ఆ పదకొండు ముసుగులు తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. దర్జీని ఎవరూ ఏమీ అనలేదు గాని, నెల తిరక్కుండా ఆయన దుకాణం మూసి ఊరు వదిలేశాడు.

అప్పటి నుంచి తోమాసా పుస్తకంలో మారుపేరు, తల చుట్టుకొలత, కంటికీ కంటికీ మధ్య దూరం, ఇంతే. కొత్తగా వచ్చిన పిల్లవాడెవడైనా మర్యాదకు తన పేరు చెప్పబోతే వెంటనే మిషను తొక్కేది. ఆ పాత మిషను మోతకి వాడి గొంతు వినిపించేది కాదు. వాడు నోరు మూశాక కాలు తీసి, "నీ పేరు మీ అమ్మకీ, పాదిరీకీ దాచుకో నాయనా. నాకు నీ బుర్ర సైజు చాలు" అనేది.

గోరింక అనే కుర్రాడు ఆవిడ దగ్గరికి వచ్చింది ఆకుపచ్చ ముసుగు కోసం. వ్యవసాయం చదివేవాడు, పొడుగాటి మనిషి, నూనె రాసినట్టు మెరిసే నల్లటి జుట్టు. ఒక్క క్షణం నోరు మూసుకునేవాడు కాదు కనకే ఆ పేరు. ముసుగు తయారయ్యాక కూడా రావడం మానలేదు. గురువారాలు తోమాసా బొమికల పులుసు కాచేది. పూటకూళ్ళ ఇళ్ళ తిండికి నాలుక చచ్చిపోయిన ఏడుగురు విద్యార్థులు, తలో రెండు మొక్కజొన్న రొట్టెలు చేతబట్టుకుని, ఆ పులుసు కోసం వచ్చేవారు. గోరింక అందరికన్నా ముందొచ్చేవాడు. ఆవిడకు చూపు మందగిస్తోందని కనిపెట్టి, వారానికి సరిపడా సూదుల్లో దారాలెక్కించి, రంగుల వరసలో దిండుకు గుచ్చి పెట్టేవాడు. ఎవరూ అడక్కుండా చేసేవాడు. ఆవిడను అందరిలాగే సెన్యో, అంటే అమ్మగారూ, అని పిలిచేవాడు. "సెన్యో, మీకు కళ్ళజోడు కొనిపెట్టే మొగుడు కావాలి, నేను చూస్తానుండండి" అని ఏడిపించేవాడు. ఆవిడ స్కేలు తీసుకుని వెంటపడేది.

వాడు వాళ్ళమ్మ సంగతులు తెగ చెప్పేవాడు. నువ్వులద్దిన జున్ను రొట్టె కాల్చి సంతలో అమ్ముతుందట. చదువు రాదట. వాడి ఉత్తరాలు ఊరి పంతులమ్మ చదివి పెడితే, ఒకసారి విని మొత్తం అప్పచెబుతుందట. ఆ ఊరేదో చెప్పబోయినప్పుడల్లా తోమాసా మిషను తొక్కేది. తూర్పు వైపు, వానలు పడని ఊరని మటుకు వాడి యాస బట్టి తెలిసేది.

ఆ ఏడాది ఊరేగింపు బాగానే జరిగింది. తర్వాతే అంతా చెడింది. బస్సు చార్జీలు పెంచారు, విద్యార్థులు బస్సులకు అడ్డంగా పడుకున్నారు, విశ్వవిద్యాలయం తలుపులకు తాళాలు పడ్డాయి. పాఠాల్లేవు, ఆఫీసు లేదు, రిజిస్టర్లన్నీ లోపలే. పిల్లలు ఊళ్ళో చెల్లాచెదురుగా ఉంటూ కరపత్రాలు పంచేవారు. ఎవరెక్కడ పడుకుంటున్నారో ఒకరినొకరు అడక్కూడదని కట్టుబాటు చేసుకున్నారు. ఈస్టరు వెళ్ళిన మూడో మంగళవారం, పట్టపగలు, మార్కెట్ దగ్గర బస్సు కోసం నిలబడ్డ గోరింకని నంబరు ప్లేటు లేని బండిలోకి లాగేశారు. ముల్లు కొంచెం దూరంలో ఉండి కళ్ళారా చూసింది. లా చదివే పిల్ల, సన్నగా ఉంటుంది, మాట మాత్రం గుచ్చుకుంటుంది. 

బుధవారం పొద్దున్నే ముల్లు, ఎండుచేప తోమాసా గుమ్మంలో నిలబడ్డారు. అప్పటికే లాయరు సగస్తూమే దగ్గరికి వెళ్ళొచ్చారు. ఆయన ముసలాయన, ధైర్యస్థుడు, ఇలాంటి కేసులకు ఫీజు ముట్టుకోడు. కోర్టులో అర్జీ వెయ్యాలి, జడ్జి ఆ అర్జీ పట్టుకుని జైళ్ళన్నీ తిరిగి మనిషిని చూపించమని అడగాలి. చాలాసార్లు దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. కాని మొదటి రెండు మూడు రోజుల్లో అడిగేవాళ్ళున్నారని తెలిస్తే, అప్పుడప్పుడు ఒకడు దెబ్బలతోనైనా బయటికొచ్చేవాడు. ఆ ఏడాదే ఇద్దరు అలా వచ్చారు. అర్జీకి ఏం కావాలి? పూర్తి పేరు. తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు, రెండూ ఉండాలి. "గోరింకను విడిపించండి అని రాసిస్తే గుమాస్తా జంతు ప్రదర్శనశాలకు పొమ్మంటాడమ్మా" అన్నాడట సగస్తూమే. హాస్యానికి కాదు, ఏడవలేక.

"వాడి పేరేంటి, సెన్యో?" అంది ముల్లు. "మీకు ఏదో ఒకటి చెప్పే ఉంటాడు. మీ దగ్గర నోరు మూసుకున్నదెప్పుడు వాడు?"

తోమాసాకు తెలియదు. రెండేళ్ళు తన పులుసు తాగి, తన సూదులకు దారాలెక్కించినవాడి పేరు తనకు తెలియదు. ఎన్నిసార్లు చెప్పబోయాడో, ఎన్నిసార్లు తను మిషను తొక్కిందో తెలుసు. వాళ్ళు వెళ్ళాక ఆవిడ కూచుని ఆ రెండేళ్ళ మాటలన్నీ ఒక్కొక్కటే తవ్వుకుంది. కుక్క పేరు దొరికింది. పంతులమ్మ పేరు దొరికింది. వాడి పేరు దొరకలేదు.

మర్నాడు గురువారం. పొద్దున తొమ్మిదింటికి సందులోకి ఒక కొత్త మనిషి తిరిగింది. నలభై ఐదేళ్ళుంటాయి. తలమీద శాలువా, చేతిలో గుడ్డ కప్పిన గంప, కాళ్ళకు మాత్రం నిగనిగలాడే నల్లటి కొత్త బూట్లు. తోమాసా చూపు ఆ బూట్ల మీదే ఆగిపోయింది. పోలీసులకు వార్తలు మోసేవాళ్ళను ఊళ్ళో చెవులు అనేవారు. చెవులకు సర్కారు బూట్లిస్తుందని అందరూ నమ్మేవారు, అందులో అబద్ధం పెద్దగా లేదు కూడా. పైగా నెల క్రితమే ఆ సందులో చెప్పులు కుట్టేవాడి ఇంటికి ఒక ఆడమనిషి కొడుకు కోసం ఏడుస్తూ వచ్చింది. కన్నతల్లి కదా అని వాళ్ళు లోపలికి పిలిచి, పిల్లాడు ఎక్కడున్నాడో చెప్పారు. సాయంత్రానికి బండి వచ్చింది.

"ఒబ్దూలియో లేముస్ మర్రోకిన్ ఈడికొస్తాడు గదమ్మా?" అంది ఆ మనిషి.

తోమాసా మిషను ఆపలేదు. ఎవరని అడిగింది.

"ఒబ్దూలియో లేముస్ మర్రోకిన్. నేను వాళ్ళమ్మను. జాబులు నిలిచిపోయినాయి. వాడుండే ఇంటికి పోతే ఆ యమ్మ తలుపు మొగాన్నే ఏసేసింది. రైలు టేషను ఎనక కుట్టుపని చేసే యమ్మ దగ్గర గురువారాలు తింటానని రాసినాడు. ఈ పొద్దు గురువారం గదా అని వచ్చినా."

రెండు ఇంటిపేర్లతో మనిషిని అడిగేది ఈ లోకంలో పోలీసులే. తోమాసాకు తట్టింది అదొక్కటే. తల్లికి కూడా రెండూ చెప్పుకునే హక్కుందనీ, అందులో రెండోది ఆమెదేననీ తట్టలేదు. గురువారాల సంగతి తెలుసంటే మరీ భయమేసింది. మంగళవారం గోరింకను పట్టుకున్నారు. వాణ్ణి చితక్కొట్టి గురువారాల సంగతి లాగేసి ఉంటారు. ఇప్పుడు మిగిలిన ఆరుగురిలో ఒకడి కోసం వచ్చారు. ఒబ్దూలియో అనేవాడు వాళ్ళలో ఎవడో! ఆ మనిషి చెప్పే ప్రతి నిజమూ తోమాసా అనుమానాన్ని పెంచుతూ పోయింది.

"ఆ పేరుగలవాళ్ళెవరూ నాకు తెలీదమ్మా. ఇల్లు పొరబడ్డట్టున్నారు" అంది తోమాసా, మొహంలోకి మొహం పెట్టి చూస్తూ.

మాట మాటగా చూస్తే అందులో అబద్ధం లేదు.  ఆ మనిషి తోమాసా వెనక, రెండో గదికి అడ్డంగా వేలాడే తెర వైపు చూసింది. ఇంకేమీ అడగలేదు. "సల్లగుండండమ్మా" అని, బూట్లు కరుస్తున్నట్టు నిదానంగా అడుగులేసుకుంటూ వెళ్ళిపోయింది. తోమాసా చేతులు వణుకుతున్నాయి. అయినా లోలోపల ఒకింత గర్వంగా ఉంది. ఆ దర్జీ చెయ్యలేని పని తను చేసింది.

మధ్యాహ్నం పులుసు కాగిందిగాని తాగేవాళ్ళు రాలేదు. ముల్లు ఒక్కతే వచ్చింది. తోమాసా సంగతంతా చెప్పి, ఒబ్దూలియో లేముస్ మర్రోకిన్ ఎవడైతే వాడు ఈ ఛాయలకు రావద్దని, ఊరు దాటి పోతే ఇంకా మంచిదని చెప్పమంది. ముల్లు ఆ పేరును రెండుసార్లు నోట్లో నానబెట్టుకుని పరిగెత్తింది. ఆ పిల్ల తెలివైనది. తోమాసా కూడా తెలివితక్కువది కాదు. ఆ రెండు తలకాయలకూ తట్టకపోవడానికి కారణం ఒకటే. గోరింక ఇప్పటికే పోలీసుల చేతుల్లో ఉన్నాడు. చేతిలో ఉన్నవాణ్ణి ఎవరైనా వెతుకుతారా? వెతుకుతున్నారంటే వాడు బయట ఉన్నవాడే అయుండాలి.

ఇక అక్కణ్ణుంచి జరిగింది తలచుకుంటే ఇప్పటికీ తల బాదుకోవాలనిపిస్తుంది. గురువారం, శుక్రవారం, శనివారం, మూడు రోజులు, ఆ ఊళ్ళో ఉన్న విద్యార్థులందరూ చెవిలో చెవిలో చెప్పుకున్నది ఒకటే మాట. ఒబ్దూలియో ఎవరు? ఒబ్దూలియో ఎవడైతే వాడు దాక్కోవాలి. బేకరీల్లో, చర్చి మెట్ల మీద, బస్సుల్లో ఆ పేరు తిరిగింది. వాడికోసం ఒకరు పరుపు సిద్ధం చేశారు, ఒకరు మెక్సికో సరిహద్దు దాకా లారీ మాట్లాడి పెట్టారు. అదే మూడు రోజులూ సగస్తూమే తన ఆఫీసులో, పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలి టైపు చేయించిన అర్జీ ముందు పెట్టుకుని కూచున్నాడు. ఆ ఖాళీలో పెట్టాల్సిన పేరు ఊరంతా తిరుగుతోంది. ఆయన దగ్గరికి మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదు. ఎందుకు తీసుకెళ్తారు? అది వేరే వాడి పేరు కదా!

ఆదివారం పొద్దున, చర్చి గంటలు మోగుతుండగా, ఆరుగురూ తోమాసా ఇంట్లో చేరారు. ముల్లు పిలిపించింది. ఒబ్దూలియో ఇంతవరకు ఎందుకు బయటపడలేదో దానికి అంతుపట్టలేదు. గురువారాలు ఇక్కడ తింటాడని ఆ మనిషి అంది కాబట్టి ఈ ఆరుగురిలో ఒకడు కావాలి, భయపడో సిగ్గుపడో ఒప్పుకోవడం లేదు.

"కట్టుబాటు సంగతి తర్వాత చూద్దాం. ఎవరి పేరు వాళ్ళు చెప్పండి" అంది ముల్లు. "ముందు నేనే చెప్తాను. మరియా అంపారో చించీయా దుబోన్."

చెప్పిన తర్వాత ఆ పిల్ల మొహం కందిపోయింది, బట్టలు విప్పమన్నంత సిగ్గుగా. గుమ్మడి తన పేరు రమీరో అన్నాడు. చంకకర్ర హక్కోబో అన్నాడు. ఎండుచేప చాలాసేపు నీళ్ళు నమిలి, ఎపిఫానియో దె లా దివీనా గ్రాసియా, అంటే దైవకృపా ప్రత్యక్షుడు, అని బయటపెట్టాడు. అంత దుఃఖంలోనూ అందరికీ ఒక్కసారి నవ్వొచ్చింది. "అందుకే ఎండుచేపే నయమనిపించింది" అన్నాడు వాడు. మిగిలిన ఇద్దరూ చెప్పారు. ఆరు పేర్లు అయ్యాయి. ఒబ్దూలియో వాళ్ళలో లేడు.

అప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఏడోవాడి ఉత్తి పీట అక్కడే ఉంది. ముల్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.  తూర్పు యాస, గంప, దానిమీద కప్పిన గుడ్డ, గుడ్డ కింద నుంచి వచ్చిన నువ్వుల వాసన, అన్నీ అప్పుడొచ్చి తోమాసా మీద పడ్డాయి. ఆ రోజు ముక్కుకు తగిలాయి. బుర్రకు తగల్లేదు, ఎందుకంటే బుర్రంతా బూట్లమీదే ఉంది.

సోమవారం కోర్టు తెరవగానే సగస్తూమే అర్జీ వేశాడు. జడ్జి జైళ్ళు తిరిగొచ్చి, అలాంటివాడు ఎక్కడా లేడని రాసిచ్చాడు. ఆ మాట ఊహించిందే. లాయరు అక్కడితో ఆగకుండా శవాల గది రిజిస్టరు చూశాడు. శుక్రవారం తెల్లవారుజామున ప్రాణం పోయిన ఒక యువకుడు, ఉత్తరపు లోయ అంచున దొరికాడు, పొడగరి, నల్లజుట్టు. ఎవరూ వచ్చి అడగలేదు. శనివారం మధ్యాహ్నం పేరులేని వాళ్ళందరికీ పెట్టే ఎక్స్ ఎక్స్ అనే రెండు అక్షరాలే వాడికీ పెట్టి, పేరులేని వాళ్ళ గుంటలోనే పాతేశారు. బట్టలు మాత్రం సంచీలో ఉన్నాయి. మంగళవారం తోమాసా వెళ్ళి చూసింది. చొక్కా కాలరు తిరగేసి కుట్టి ఉంది. అరిగిన కాలరును అలా తిరగేసి, చివర కుట్టును మూడుసార్లు ముడివేసేది ఆ ఊళ్ళో ఆవిడ ఒక్కతే. గుమాస్తా ఏమైనా గుర్తుపట్టావా అంటే ఆవిడ గట్టిగా, ఆ గది మొత్తానికీ వినపడేలా, పూర్తి పేరు చెప్పింది. ఒబ్దూలియో లేముస్ మర్రోకిన్. వాడి పేరు ఆవిడ పలకడం అదే మొదటిసారి.

శుక్రవారం తెల్లవారుజామున. అంటే గురువారం పొద్దున తొమ్మిదింటికి, ఆ తల్లి గుమ్మంలో నిలబడ్డప్పుడు, వాడు బతికే ఉన్నాడు. ఆ పేరు ఆ పూటే లాయరుకు అంది ఉంటే వాడు బయటికొచ్చేవాడని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. సగస్తూమే అదే చెప్పాడు, మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చంపింది జనరల్ మనుషులమ్మా, నువ్వు కాదు అన్నాడు. నిజమే. ఆ నిజం తోమాసాకు ఎందుకూ పనికిరాలేదు. అర్జీ పడ్డ ఇద్దరు బయటికొచ్చారు కదా అని ఆవిడ లోపల ఒకటే గొణుగుడు.

తోమాసా ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికింది, ముసుగులు కుడుతూనే బతికింది. మరుసటి ఏడాది నుంచి పేరు చెప్పనివాడికి ముసుగు కుట్టలేదు. రెండు ఇంటిపేర్లు, తల్లి పేరు, ఊరు. కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. మిషను తొక్కుతూ రోజూ అప్పచెప్పుకునేది. కొందరు ఆవిడకు మతి చలించిందనుకున్నారు. చివరి రోజుల్లో నూటా నలభై పైచిలుకు పేర్లు చెప్పేదని, చెప్పగలిగిన ప్రతిసారీ ఊపిరి పీల్చుకునేదని అంటారు. కాని అదంతా తర్వాతి సంగతి. శవాల గది చూసిన మర్నాడు, బుధవారం, గోరింక సొంతూరు ఇపాలాకు వెళ్ళొచ్చిన సంగతి ఆవిడ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ముల్లుకు మాత్రం ఒకసారి చెప్పింది.

విద్యార్థులెవరూ ఆ రోడ్డు మీద వెళ్ళగలిగే రోజులు కావవి. దారిలో రెండుచోట్ల సైన్యం బస్సులాపి, కుర్రవాళ్ళ అరచేతులు తిప్పి చూసేది. చేతులు మెత్తగా ఉంటే చదువుకున్నవాడని దింపేసేవారు. అందుకని, లాయరు పూర్తి పేరు పట్టుకుని జనన రిజిస్టర్లలో తీసిచ్చిన ఊరూ తల్లి పేరూ చేతబట్టుకుని, తోమాసాయే వెళ్ళింది. ఊరు చేరి జున్ను రొట్టెలమ్మే విసెంతా ఇల్లెక్కడ అని అడిగితే ఒక ముసలాయన దగ్గరుండి తీసుకెళ్ళాడు. "కొడుకు చదువుకుంటున్న విసెంతా ఇల్లు" అన్నాడు గౌరవంగా.

విసెంతా పొయ్యి దగ్గర పిండి కలుపుతోంది. కాళ్ళకు చెప్పుల్లేవు. పట్నానికేసుకుపోయిన బూట్లు పంతులమ్మవని తర్వాత తెలిసింది. తోమాసాను చూడగానే గుర్తుపట్టింది. తోమాసా అన్ని తిట్లకూ సిద్ధపడి వచ్చింది. మొహాన ఉమ్మేసినా తుడుచుకోకూడదని బస్సులో నిశ్చయించుకుంది. విసెంతా చేతులు కడుక్కుని ఎదురొచ్చి, రెండు చేతులూ పట్టుకుని, పీట వేసి కూచోబెట్టి, కాఫీ పోసింది. అప్పుడు గొంతు తగ్గించి, కిటికీ వైపొకసారి చూసి, చెప్పడం మొదలుపెట్టింది.

"నాకు తెల్సమ్మా, ఆ పొద్దు మీరు అబద్ధం చెప్పినారని. మీ చేతులు వణుకుతా ఉన్న్యాయి. మీ ఎనక తెర ఉండె. వాడు దాని సాటున ఉండి నా గొంతు ఇంటావుండాడు అనుకుంటిని. కన్నతల్లికి గూడా చెప్పకుండా దాచిపెట్టినారంటే, నాకన్నా బాగా చూసుకునే మనిషే దొరికింది నా బిడ్డకు అనుకుంటిని."

తోమాసా నోరు తెరవబోయింది. విసెంతా చెయ్యెత్తి వారించింది.

"వాడుండే ఇంటి తలుపు మూసినప్పుడు నా పానం పోయినంత పనైంది. మీ ఇంటికాడికి వచ్చినాకనే నిమ్మళమైంది. అందుకే ఇంగెక్కడా ఎతకలా, అదే బస్సుకు వచ్చేసినా. శుక్రవారం పంతులమ్మ కోర్టుకు పోదాం, బిషప్పు గారికి రాద్దాం అన్నె. వద్దమ్మా, గలాటా చేస్తే దాచినోళ్ళకు ఇబ్బంది, వాడు మంచి చోట ఉండాడు అని చెప్పినా. ఈ ఐదారు దినాలు కడుపు నిండా తింటిని, కండ్ల నిండా నిద్రపోతిని." ఇంకా దగ్గరికి జరిగింది. "ఇప్పుడు చెప్పమ్మా. ఇంగా ఆ తెర ఎనకనే ఉండాడా, యాడికన్నా పంపించినారా?"

తోమాసా కాఫీ గిన్నె కింద పెట్టింది. ముందుగా చెప్పింది, తెర వెనక ఎవరూ లేరని. మిగతాదంతా చెప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.